మనవాళ్ళ తప్పును మనమే ఎత్తిచూపితే ద్రోహమా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. రెండు జాతుల వాళ్ళు ఏళ్ళ తరబడి కలిసి నడుపుకుంటున్న ఉద్యోగుల సంఘం మీది. మీ జాతి కుర్రాణ్ణి అవతలి జాతి వాళ్ళు ఇద్దరు కొట్టారు. మర్నాటి నుంచి మీవాళ్ళు సంఘం చీల్చి వేరే పెట్టుకుందామంటున్నారు. కొట్టినవాళ్ళ మీద చర్య తీసుకుందాం, సంఘం జోలికి మాత్రం పోవద్దు అని మీరన్నందుకు మిమ్మల్ని ద్రోహి అన్నారు. పైగా రెండేళ్ళ కిందట మీవాడొకడు అవతలివాళ్ళ మీద చెయ్యి చేసుకున్నప్పుడు మీవాళ్ళెవరూ నోరెత్తలేదని మీరు గుర్తుచేశారట, దాంతో గొడవ ముదిరింది. చివర్లో మీరు అడిగిన మాట ఇది: సొంతవాళ్ళ మీద అభిమానం, పరాయివాళ్ళ మీద అనుమానం మనిషికి పుట్టుకతోనే వస్తే, నేను చేస్తున్నది స్వభావానికి ఎదురీదడమేనా?

కాదు. ముప్పై ఏళ్ళుగా సామాజిక మనస్తత్వశాస్త్రం పాఠం చెబుతున్నాను, ఈ ప్రశ్న నన్ను ఎన్నడూ వదల్లేదు. దీనికి తప్పుడు జవాబు నమ్మి ఇరుగుపొరుగును నరుక్కున్న దేశాలున్నాయి. 'అది రక్తంలోనే ఉంది, ఎవరేం చెయ్యగలరు' అన్న మాట వినడానికి శాస్త్రం లాగే ఉంటుంది గానీ అందులో నిజం సగమే. ఆ సగం ఎక్కడిదాకా వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చెప్పాలని ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు ఆ నిజమైన సగం. హెన్రీ టాజ్‌ఫెల్ అని ఒక శాస్త్రవేత్త ఉండేవాడు. పోలండ్‌లో పుట్టిన యూదుడు. రెండో ప్రపంచయుద్ధంలో ఫ్రెంచి సైన్యంలో చేరి 1940లో జర్మన్లకు పట్టుబడ్డాడు. ఖైదీగా ఉన్న ఐదేళ్ళూ తనది పోలండ్ అన్న సంగతి బయటపడకుండా ఫ్రెంచివాడిగా నెట్టుకొచ్చాడు. విడుదలై వచ్చి చూసుకుంటే ఇంటివాళ్ళలో దాదాపు ఎవరూ మిగల్లేదు. మనిషి పేరు ఏ జాబితాలో పడిందన్నదాన్ని బట్టి చావుబతుకులు తేలిపోవడం ఆయన పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది కాదు.

1970 ప్రాంతంలో ఆయన బ్రిస్టల్‌లో 14, 15 ఏళ్ళ బడిపిల్లలతో ఒక ప్రయోగం చేశాడు. ఒక విడతలో తెరమీద చుక్కలు చూపించి ఎన్నున్నాయో అంచనా వెయ్యమన్నారు. ఇంకో విడతలో క్లే, కాండిన్‌స్కీ అనే చిత్రకారుల బొమ్మల్లో ఏవి నచ్చాయో చెప్పమన్నారు. దాన్నిబట్టే రెండు జట్లు చేశామని చెప్పారు గానీ, నిజానికి చీటీలు తీసినట్టు ఎటు పడితే అటు వేశారు. తన జట్టులో ఇంకా ఎవరున్నారో పిల్లవాడికి తెలియదు. మాట్లాడుకున్నది లేదు, పోట్లాడుకున్నది లేదు, పాత పగలేమీ లేవు. ముక్కూమొహం తెలియని ఇద్దరికి డబ్బు పంచమంటే ఎక్కువమంది తమ జట్టువాడి వైపే మొగ్గారు. నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది ఆ తర్వాతి సంగతి. తన జట్టుకు వచ్చేది కాస్త తగ్గినా ఫరవాలేదు, అవతలి జట్టుకు ఇంకా తగ్గాలి అన్న పంపకాన్ని కోరుకున్నవాళ్ళు చాలామంది తేలారు. లాభం కంటే తేడాయే వాళ్ళకు ముఖ్యమైంది.

నేనూ ఒక ఏడాది తరగతిలో నాణెం ఎగరేసి రెండు జట్లు చేసి, చిన్న రాత పోటీ పెట్టాను. గంట తిరిగేసరికి అవతలి జట్టు రాతలో తప్పులు పట్టే చూపు ఎంత పదునెక్కిందో చూసి నాకు భయమేసింది. అంతకు ముందు గంట ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళే వాళ్ళంతా.

చాలామంది ఇక్కడిదాకా చదివి 'చూశారా, మనిషింతే' అని లేచిపోతారు. ఆ ప్రయోగంలో ఉన్నదల్లా పంచడం. ఎవరికి ఎక్కువ ఇవ్వాలన్నదే తప్ప ఎవరిని బాధపెట్టాలన్నది కాదు. తర్వాతి కాలంలో జర్మనీలో అమేలీ ముమ్మెండై, ఆమె తోటివాళ్ళు అదే పద్ధతిని తిరగేసి, డబ్బుకు బదులు అసౌకర్యాన్ని, కష్టాన్ని పంచమన్నారు. అప్పుడు ఆ పక్షపాతం అంత తేలిగ్గా బయటికి రాలేదు, చాలా సందర్భాల్లో కనిపించనే లేదు. నావాడికి ఒక ముద్ద ఎక్కువ పెట్టే చెయ్యి, ఎదుటివాడిని కొట్టడానికి దానంతటదే లేవదు. లేవాలంటే మధ్యలో ఇంకేదో జరగాలి.

బయటి ప్రపంచంలోనూ ఇదే కనిపించింది. మేరిలిన్ బ్రూయర్, డోనాల్డ్ కాంప్‌బెల్ అనే ఇద్దరు కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో 30 తెగల వాళ్ళతో మాట్లాడించి 1976లో ఫలితాలు ప్రచురించారు. దాదాపు ప్రతి తెగా తన వాళ్ళే నమ్మదగినవాళ్ళని చెప్పింది. అందులో వింతేమీ లేదు. అయితే తమవాళ్ళంటే ఎంత అభిమానమో తెలిసినంత మాత్రాన పరాయివాళ్ళంటే ఎంత వ్యతిరేకమో చెప్పలేకపోయారు. తమవాళ్ళను ఆకాశానికెత్తే తెగ పొరుగు తెగతో చక్కగా మెలుగుతూ ఉండొచ్చు. ఒక తెగను గౌరవిస్తూ దానికి దూరంగా ఉండొచ్చు, ఇంకో తెగతో చనువుగా ఉంటూ దాన్ని పెద్దగా గౌరవించకపోవచ్చు. తమవాళ్ళ మీద అభిమానానికీ పరాయివాళ్ళ మీద వ్యతిరేకతకూ లంకె లేదు. బ్రూయర్ తర్వాత జీవితమంతా ఈ లంకె ఎప్పుడు పడుతుందన్నదాని మీదే పనిచేసింది.

మన భాషలో ఈ సంగతి మాటల్లోనే ఉంది, మనం గమనించం గానీ. ఎన్నో భాషలకు లేని సదుపాయం తెలుగుకు ఉంది: 'మేము' వేరు, 'మనం' వేరు. 'మేము' అంటే నా ఎదురుగా ఉన్న మీరు అందులో లేరని. 'మనం' అంటే మీరూ ఉన్నారని. రోజూ ఒకే మనిషితో మాట్లాడుతూ పది నిమిషాల్లో ఈ రెండింటి మధ్యా అటూ ఇటూ తిరుగుతుంటాం. 'మేము పండగ వేరేగా చేసుకుంటాం' అనీ, 'మనం జీతాల సంగతి అడగాలి' అనీ అదే నోటితో అంటాం. 'అయినవాళ్ళు, కానివాళ్ళు' అన్న జంట కూడా చూడండి. అవడం, కాకపోవడం అన్న క్రియలోంచి వచ్చిన మాటలవి. పగ పెరిగిన సమాజాల్లో నాకు కనిపించేది 'మేము' ఎక్కువ కావడం కాదు. అవతలివాడి ముందు నిలబడి 'మనం' అనడానికి ఒక్క సందర్భమూ మిగలకపోవడం. మీ సంఘం మీకు మిగిలిన అలాంటి సందర్భం.

'మేము', 'మనం'ల మధ్య గీత ఎక్కడ పడుతుందన్నది రక్తాన్ని బట్టి ఉండదనడానికి నాకు అన్నిటికన్నా బలంగా అనిపించే ఉదాహరణ ఆఫ్రికాలో జాంబియా, మలావీ సరిహద్దు. 1891లో ఒక బ్రిటిష్ కంపెనీ తన పరిపాలన సౌకర్యం కోసం అక్కడ గీత గీసింది. ఆ గీత చేవా, తుంబుకా అనే రెండు తెగల్ని రెండుగా కోసింది. గీతకు అటూ ఇటూ అవే తెగలు, అవే భాషలు, అవే ఆచారాలు. డేనియల్ పోస్నర్ అనే రాజనీతి పరిశోధకుడు సరిహద్దుకు రెండు పక్కలా దగ్గర దగ్గర గ్రామాలకు వెళ్ళి, అవతలి తెగవాళ్ళను పెళ్ళి చేసుకుంటారా, అవతలి తెగ అభ్యర్థికి ఓటేస్తారా అని అడిగాడు. కాదన్నవాళ్ళు మలావీ వైపు జాంబియా వైపు కంటే రెట్టింపుకు పైగా ఉన్నారు. 2004లో ఆయన ప్రచురించిన వివరణ చాలా సాదా. మలావీ చిన్న దేశం. అక్కడ చేవాలూ తుంబుకాలూ అధికారం కోసం ఒంటరిగా పోటీపడేంత పెద్ద గుంపులు. కాబట్టి రాజకీయ నాయకులకు ఆ తేడా పనికొచ్చింది, దాన్ని నూరి పదునుపెట్టారు. జాంబియాలో రెండు తెగలూ దేశం మొత్తం మీద చిన్నవే. విడివిడిగా ఎవరికీ ఏదీ దక్కదు. అందుకని ఇద్దరూ కలిసి 'తూర్పువాళ్ళం' అయ్యారు. తేడా రెండు వైపులా ఒక్కటే. ఆ తేడా మీద ఏం ఆధారపడి ఉందన్నదే వేరు.

మీ పరిస్థితికి దీన్ని అన్వయించుకోండి. కొట్టిన సంఘటన కంటే, రేపు సంఘం చీలితే ఎవరు ఏ పదవిలో కూర్చుంటారన్నది ముందు చూడండి. చీల్చాలన్నవాళ్ళంతా స్వార్థపరులని నేననడం లేదు. కుర్రాడి దెబ్బలు చూసి నిజంగా రగిలిపోతున్నవాళ్ళే ఎక్కువమంది ఉండి ఉంటారు. కానీ ఆ మంట చుట్టూ చలి కాచుకునేవాళ్ళు కూడా కొందరుంటారు, ఉండని చోటు నేను చూడలేదు.

చర్మం రంగు లాంటి, కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే తేడా కూడా చెరగనిదేమీ కాదని 2001లో కర్జ్‌బన్, టూబీ, కాస్మిడెస్ అనే పరిశోధకులు చూపించారు. గొడవపడుతున్న రెండు జట్లలోనూ నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు కలిసి ఉండి, జట్టును చొక్కా రంగు చెబుతుంటే, చూసేవాళ్ళ మెదడు చర్మం రంగును అంతగా పట్టించుకోవడం మానేసి చొక్కా రంగుతో మనుషుల్ని గుర్తుపెట్టుకుంది. దానికి కొన్ని నిమిషాలే పట్టాయి. మనసు వెతికేది జాతి కోసం కాదు, ఎవరు ఎవరి పక్షమో తెలిపే గుర్తు కోసం.

'మనం'ను పెద్దది చేస్తే సరిపోతుంది కదా అని చాలామంది అంటారు. ఆ దారికి బలమూ ఉంది, ప్రమాదమూ ఉంది. మార్క్ లెవిన్, ఆయన తోటివాళ్ళు 2005లో ప్రచురించిన ప్రయోగంలో మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ జట్టు అభిమానుల్ని పిలిచి, ఆ జట్టంటే ఎందుకిష్టమో రాయించారు. తర్వాత ఇంకో భవనానికి నడిచి వెళ్ళేటప్పుడు వాళ్ళ ఎదుటే ఒకడు జారిపడి కాలు పట్టుకుని మూలిగాడు. అతని ఒంటి మీద మాంచెస్టర్ చొక్కా ఉంటే చాలామంది ఆగి సాయం చేశారు. బద్ధశత్రువైన లివర్‌పూల్ చొక్కా ఉంటే ఎక్కువమంది దాటిపోయారు. రెండోసారి, తమ జట్టు గురించి కాకుండా ఫుట్‌బాల్ అభిమానిగా ఉండటంలోని ఆనందం గురించి రాయించారు. అప్పుడు లివర్‌పూల్ చొక్కావాడికీ దాదాపు అంతే సాయం దొరికింది. ఎంత చిన్న మార్పు, ఎంత పెద్ద ఫలితం! కానీ మూడో మనిషిని మరవకండి. ఏ జట్టు చొక్కా లేకుండా మామూలు చొక్కాతో పడిపోయినవాడిని రెండుసార్లూ ఎక్కువమంది పట్టించుకోలేదు. పెద్ద 'మనం' కూడా ఎవరినో ఒకరిని బయటే ఉంచుతుంది. రెండు జాతుల్ని కలపడానికి మూడో జాతిని శత్రువుగా చూపించే నాయకుణ్ణి అందుకే నేను ఎప్పుడూ నమ్మలేదు.

ఇంకో ప్రయోగం గురించి మీరు వినే ఉంటారు. ముజఫర్ షెరిఫ్ 1954లో అమెరికాలోని ఓక్లహోమాలో 22 మంది అబ్బాయిల్ని వేసవి శిబిరానికి తీసుకెళ్ళి రెండు జట్లు చేసి పోటీలు పెట్టాడు. రోజుల్లోనే జెండాలు తగలబెట్టుకునేదాకా వచ్చింది. తర్వాత అందరికీ కావలసిన నీళ్ళు ఆగిపోయినట్టు చేసి, ఇద్దరూ కలిస్తే తప్ప తీరని పనులు పెట్టి మళ్ళీ కలిపాడు. ఇది పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. అంతకు ముందు ఏడాది 1953లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలో చేసిన శిబిరం గురించి మాత్రం ఎక్కువమంది చెప్పరు. అక్కడ పిల్లల్ని ముందు అందరితో కలిసి స్నేహం చేసుకోనిచ్చి, ఆ తర్వాత విడదీశారు. పెద్దవాళ్ళు ఎన్ని విధాల ఎగదోసినా, ఒకరి వస్తువులు పాడుచేసి ఇంకొకరి మీద అనుమానం వచ్చేలా చేసినా, పిల్లలు కొట్టుకోలేదు. ఇది పెద్దవాళ్ళ పనేనని పసిగట్టారు కూడా. ప్రయోగం మధ్యలో ఆపేశారు. శాస్త్రానికి అది విఫలమైన ప్రయోగం. నాకు మాత్రం 1954 నాటిదాని కంటే ఇదే ఎక్కువ నేర్పింది. గీత గీయకముందు ఉన్న స్నేహాలు గీత గీశాక పనికొచ్చాయి.

మరి బోస్నియాలో, రువాండాలో పక్కింటివాళ్ళు స్నేహితులు కారా? అయినా ఎందుకు చంపుకున్నారు? ఈ ప్రశ్నను దాటేసి ఎవరైనా మీకు ఐకమత్యం గురించి చెబితే వినొద్దు.

అక్కడ జరిగినదాన్ని 'తెగల మధ్య పాత పగలు' అని సరిపెట్టడం తప్పు. రువాండాలో హుటూలు, టుట్సీలు అనే రెండు జాతులదీ ఒకే భాష, ఒకే కొండలు, ఎక్కువమందిది ఒకే మతం. 1930లలో బెల్జియం పాలకులు గుర్తింపు కార్డు మీద జాతి రాయించి, అంతదాకా కాస్తో కూస్తో అటూ ఇటూ కదిలే గీతను కాగితం మీద గడ్డకట్టించారు. 1994లో టుట్సీల్ని చంపడానికి రోడ్ల మీద అడ్డాలు పెట్టి మనుషుల్ని ఆపిన హుటూలు అడిగింది ఆ కార్డే. సుమారు 8 లక్షల మంది చనిపోయారని సాధారణంగా చెబుతారు. ఆ హత్యాకాండ మొదలైన తొలి గంటల్లో చంపబడినవాళ్ళలో దేశ ప్రధాని అగాథే ఉవిలింగియిమానా ఉంది. ఏప్రిల్ 7న ఆమెను చంపారు. ఆమె టుట్సీ కాదు, హుటూ. టుట్సీలతో అధికారం పంచుకోవడానికి ఒప్పుకున్న హుటూ.

1991 జులై 1న బోస్నియా పక్కనే ఉన్న క్రొయేషియాలో, ఒసియెక్ పట్టణ పోలీసు అధిపతి యోసిప్ రైల్-కిర్‌ను కాల్చి చంపారు. క్రోట్లు, సెర్బులు అక్కడి రెండు జాతులు. క్రోట్ల గ్రామాలకూ సెర్బుల గ్రామాలకూ మధ్య తిరుగుతూ, దారుల్లో వేసిన అడ్డాలు తీయించడానికి ఇరువైపులా నచ్చజెబుతున్న క్రొయేషియా అధికారి ఆయన. కాల్చినవాడు క్రోటే, ఆయన పక్షంవాడే. ఈ రెండు మరణాలూ నన్ను ఏళ్ళ తరబడి వెంటాడాయి. పరాయివాణ్ణి చంపడానికి బయల్దేరినవాళ్ళు ముందుగా తమలోనే 'వద్దు' అన్నవాణ్ణి తీసేస్తున్నారు. ఆ ఒక్కడు బతికి ఉంటే 'మేమంతా ఒక్కటే, మాకు వేరే దారి లేదు' అన్న మాట అబద్ధమని తేలిపోతుంది. పాత స్నేహాలు పనికిరాకుండా పోయింది మనుషుల మనసుల్లో పగ దాగి ఉండటం వల్ల కాదు. స్నేహం చూపించినవాడికి తన వాళ్ళ చేతుల్లోనే చావు వచ్చే స్థితిని కల్పించారు.

తుపాకులు రాకముందు ఇదే పని మాటలతో జరుగుతుంది. శ్రీలంకలో 1956 ఎన్నికలకు ముందు రెండు పెద్ద పార్టీలూ సింహళమే ఏకైక అధికార భాష అన్న నినాదాన్ని ఎత్తుకున్నాయి, గెలిచిన బండారనాయకె ఆ ఏడాదే చట్టం చేశాడు. ఆ తర్వాత ఆయనే పరిస్థితి చూసి 1957 జులైలో తమిళుల నాయకుడు చెల్వనాయకంతో ఒప్పందం చేసుకున్నాడు. ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో పాలన తమిళంలో జరగడానికి, ప్రాంతీయ మండళ్ళు పెట్టడానికి అందులో ఒప్పుకున్నాడు. దానికి గండి కొట్టింది తమిళులు కాదు. ప్రతిపక్షంలోని సింహళ నాయకులు అది జాతిద్రోహమంటూ పాదయాత్రకు దిగారు, బౌద్ధ భిక్షువులు ఆయన ఇంటి ముందు కూర్చున్నారు. 1958 ఏప్రిల్‌లో ఆయన ఒప్పందాన్ని రద్దు చేశాడు. రెండు నెలలు తిరగకముందే అల్లర్లు రేగాయి. 1983 జులైలో కొలంబోలో గుంపులు ఓటర్ల జాబితాలు పట్టుకుని తమిళుల ఇళ్ళు వెతికాయి. యుద్ధం 2009 దాకా సాగింది. నాయకుల్ని వెనక్కి లాగింది అవతలి జాతి మీద ద్వేషం కంటే, తమలో తమకు 'నీకంటే నేనే ఎక్కువ అభిమానిని' అన్న వేలంపాట. మీమీద పడిన 'ద్రోహి' అన్న మాట ఆ వేలంపాటలో వాడేదే.

ఇక మీరు ఏం చెయ్యగలరన్న దగ్గరికి వస్తాను. జేమ్స్ ఫియరన్, డేవిడ్ లైటిన్ అనే ఇద్దరు 1996లో ఒక ముఖ్యమైన ప్రశ్న వేశారు. జాతుల గొడవల గురించే అందరూ రాస్తారు, పక్కపక్కన బతికే జాతుల్లో అత్యధిక భాగం ఏ గొడవా లేకుండా ఎలా బతికేస్తున్నాయని. నిజంగానే హింస దాకా వెళ్ళేవి చాలా అరుదు. వాళ్ళు చెప్పిన కారణాల్లో ఒకటి నాకు అమూల్యం. ఒక గుంపులోవాడు తప్పు చేస్తే, వాణ్ణి ఆ గుంపే దండించడం. ఎందుకు పనిచేస్తుందంటే, అవతలివాళ్ళకు మనమంతా ఒకేలా కనిపిస్తాం. తప్పు చేసినవాడెవడో, వాడి ఇల్లెక్కడో, వాడు ఎవరి మాట వింటాడో వాళ్ళకు తెలియదు. అందుకని కనిపించినవాణ్ణల్లా కొడతారు. దాంతో మనవాళ్ళలో ఏ పాపం ఎరగనివాళ్ళు కూడా పగపడతారు. తప్పు చేసినవాణ్ణి సరిగ్గా గుర్తుపట్టగలిగేది వాడి సొంతవాళ్ళే. వాళ్ళు ఆ పని చేస్తే గొడవ ఇద్దరు మనుషుల దగ్గరే ఆగుతుంది. చెయ్యకపోతే అది రెండు జాతులదవుతుంది. కాబట్టి రెండేళ్ళ కిందటి సంగతి గుర్తుచేసి మీరు మీవాళ్ళకు ద్రోహం చెయ్యలేదు. వాళ్ళ ప్రాణాలకు కాపలా కాశారు. ఈ మాట మీకు గట్టిగా చెప్పాలనే ఇంతా రాశాను.

సంఘాన్ని నిలబెట్టాలన్న మీ పట్టుదల కూడా సరైనదే. భారతదేశంలో హిందూ ముస్లిం అల్లర్ల మీద అశుతోష్ వార్ష్ణేయ్ ఏళ్ళ తరబడి పరిశోధన చేశాడు. రెండు మతాల జనాభా నిష్పత్తి ఇంచుమించు ఒకేలా ఉన్న నగరాల్ని జంటలుగా తీసుకుని, ఒకచోట అల్లర్లు మళ్ళీ మళ్ళీ ఎందుకొస్తాయి, ఇంకోచోట ఎందుకు రావని చూశాడు. ఒకరింటికి ఒకరు వెళ్ళడం, పిల్లలు కలిసి ఆడుకోవడం మంచిదే కానీ పెద్ద ఉద్రిక్తత వస్తే అది తట్టుకోలేకపోయింది. కార్మిక సంఘాలు, వ్యాపారుల సంఘాలు, పార్టీలు రెండు మతాల వాళ్ళతో కలిసి నడుస్తున్నచోట తట్టుకుంది. ఎందుకంటే శాంతి చెడితే నష్టపోయేవాళ్ళు అక్కడ ఒక జట్టుగా ఉన్నారు. 1990 చివర్లో అలీగఢ్‌లో ఆసుపత్రిలో రోగుల్ని చంపుతున్నారన్న పచ్చి అబద్ధం పత్రికల్లో అచ్చయి ప్రాణాలు తీసింది. కాలికట్‌లో వదంతి పుడితే రెండు వైపుల వాళ్ళూ కలిసి నిజమేదో కనుక్కుని చెప్పే ఏర్పాటు ఉండేది.

ఆశ ఎక్కువ పెట్టుకోకండి అని చెప్పడానికి ఇంకొక్కటి. ఇరాక్‌లో ఐసిస్ దాడుల వల్ల ఊళ్ళు వదిలిన క్రైస్తవుల ఫుట్‌బాల్ జట్లలో కొన్నిటికి సల్మా మూసా అనే పరిశోధకురాలు ముస్లిం ఆటగాళ్ళను కలిపింది, 2020లో ఫలితాలు వచ్చాయి. కలిసి ఆడిన క్రైస్తవులు తర్వాత కూడా ముస్లింలతో కలిసి సాధన చేశారు, వాళ్ళకు బహుమతి రావాలని ఓటేశారు. కానీ ఆ మంచితనం మైదానం దాటి, తెలియని ముస్లింల దాకా పెద్దగా వెళ్ళలేదు. మీ సంఘం కూడా దేశాన్ని మార్చదు. మీ సంఘంలో ఉన్నవాళ్ళను ఒకరి చేతిలో ఒకరు పోకుండా చూస్తుంది. అది చిన్న పనేమీ కాదు.

ఒక్క విషయంలో మాత్రం మీవాళ్ళ మాట కూడా వినాలి. సంఘంలో ఇరువైపుల వాళ్ళూ నిజంగా సమానులేనా? గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పాడు, కలిసి ఉండటం మేలు చెయ్యాలంటే హోదా సమానంగా ఉండాలి, లక్ష్యం ఒకటై ఉండాలి, పైవాళ్ళ మద్దతు ఉండాలని. 2009లో తమార్ సాగీ, ఆమె తోటివాళ్ళు చూపించింది ఇంకా చేదుగా ఉంటుంది. బలహీనుల జట్టు, బలవంతుల జట్టు కూర్చుని తమ మధ్య పోలికల గురించి హాయిగా మాట్లాడుకుంటే, బలహీనులు 'వీళ్ళు మాకు న్యాయం చేస్తారు' అని నమ్మారు. పంచే సమయం వచ్చేసరికి బలవంతులు ఆ నమ్మకాన్ని నిలబెట్టలేదు. పదవులన్నీ ఒక జాతివాళ్ళ చేతిలో ఉండి, ఫిర్యాదు చేసిన ప్రతిసారీ 'మనమంతా ఒక్కటే కదా' అని నోరు మూయిస్తుంటే, ఆ 'మనం' మోసం. అలాంటప్పుడు బలహీనులు విడిగా కూర్చుని మాట్లాడుకోవడం చీలిక కాదు, అవసరం. మీ సంఘంలో అలాంటిదేమైనా ఉంటే, కుర్రాడి సంగతితో పాటు అదీ బల్ల మీదికి రావాలి. విడిగా సమావేశమవ్వండి, కావాలంటే సంఘం లోపలే ఒక విభాగం పెట్టుకోండి. యాజమాన్యంతో బేరం, సంఘం డబ్బు మాత్రం ఉమ్మడిగానే ఉంచండి. ఆ రెండూ విడిపోతే మళ్ళీ కలిసి కూర్చోవడానికి కారణం మిగలదు.

ఈ వారం చెయ్యవలసినవి చెబుతాను. మీ సమావేశంలో ఎవరు మాట్లాడినా 'వాళ్ళు కొట్టారు' అంటే మధ్యలో ఆపి, కొట్టిన ఇద్దరి పేర్లు అడగండి. తీర్మానంలో పేర్లే రాయించండి, జాతి పేరు రాయనివ్వకండి. అవతలివైపు మీరు నమ్మే పెద్దమనిషి ఒకరుంటారు. ఆయన్ని విడిగా కలిసి, ఆ ఇద్దరి మీద చర్య తీసుకోమన్న ప్రతిపాదన తమవైపు నుంచే రావాలని అడగండి. బతిమాలినట్టు కాదు, ఆయన వాళ్ళకూ అదే క్షేమమని చెప్పండి. ఆయన ఒప్పుకుంటే, మీ వైపు నుంచి రెండేళ్ళ కిందటి ఫిర్యాదును మళ్ళీ తెరిపించే పూచీ మీరు తీసుకోండి. అది లేకుండా ఆయన తన వాళ్ళ ముందు నిలబడలేడు, ఆయన్నీ ద్రోహి అనేస్తారు. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు మాట్లాడుకుని, ఏ వార్త వచ్చినా ముందుకు పంపే ముందు ఒకరికొకరు ఫోన్ చేసుకునేలా ఏర్పాటు చేసుకోండి.

అన్నిటికన్నా ముందు ఇంకో పని ఉంది. మీరు రాసినదాంట్లో సంఘం గురించి ఉంది, తీర్మానాల గురించి ఉంది, మీకు జరిగిన అవమానం గురించి ఉంది. దెబ్బలు తిన్న కుర్రాణ్ణి మీరు చూడ్డానికి వెళ్ళారో లేదో లేదు. వెళ్ళకపోతే ఇవాళే వెళ్ళండి. సంఘం మాట ఎత్తకండి. అతని పక్కన కూర్చుని ఏం జరిగిందో అతని నోటితో మొదటినుంచీ చెప్పనివ్వండి, అతని ఇంటివాళ్ళకు ఏం కావాలో కనుక్కోండి. అవతలివైపు నుంచి మీ స్నేహితుణ్ణి ఒకర్ని తీసుకురావచ్చా అని లేచేముందు అతన్నే అడగండి. వద్దంటే ఒత్తిడి చెయ్యకండి, మర్నాడు మళ్ళీ మీరొక్కరే వెళ్ళండి.